నెలల పాపకు వైద్యం: ఊళ్ళోనే ఉచితంగా ఏం దొరుకుతుంది, నెల్లూరికి ఎప్పుడు పోవాలి?

అమ్మా, నువ్వు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇదీ. వింజమూరు దగ్గర పల్లె, తొలి కాన్పు, పాపకు మూడో నెల నడుస్తోంది. ఆరు వారాల టీకాలు టౌన్‌లో ప్రైవేటు క్లినిక్‌లో వేయిస్తే వేలల్లో అయింది. జలుబు చేసినా, పాలు కక్కినా అక్కడికే పోతున్నారు. ఫీజు, మందులు, దారి ఖర్చు కలిపి ప్రతిసారీ రెండు వేలు దాటుతోంది, మీ ఆయన ఆటో సంపాదన దానికే చాలడం లేదు. ఇకమీదట గవర్నమెంటు ఆస్పత్రిలో చూపిద్దామంటే మీ అత్తమ్మ ఒప్పుకోవడం లేదు. సర్కారు సూది వేస్తే జ్వరం వస్తుందని, మందులు నాసిరకమని ఆమె భయం. డబ్బు చూసుకుని బిడ్డకు తక్కువ చేస్తున్నామా అని నీ టెన్షన్.

తక్కువ చేసినట్టు కాదు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు పల్లెల్లో ఏఎన్‌ఎంగా, అంటే ఊరి సర్కారు నర్సుగా మొదలుపెట్టి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యేదాకా నేను చేసింది ఈ పనే. పసిబిడ్డకు మొదటి రెండేళ్ళలో అవసరమయ్యే వైద్యంలో ఎక్కువ భాగం మీ ఊళ్ళోనే పైసా ఖర్చు లేకుండా అందుతుంది. ఇళ్ళు అప్పులపాలయ్యేది రెండు చోట్ల. ఊళ్ళో జరిగే పనికి టౌన్‌కు పరిగెత్తడం ఒకటి, పెద్దాస్పత్రికి పోవాల్సిన పూట ఊళ్ళోనే ఆగిపోవడం రెండు. ఏ పనికి ఏ గడప తొక్కాలో తెలిస్తే బిడ్డ సంగతీ, డబ్బు సంగతీ రెండూ ఒక దారికొస్తాయి.

ముందు టీకాలు, ఎందుకంటే నీ ఖర్చులో పెద్ద భాగం అదే. పది వారాలకు పాపకు ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ రెండో డోసు, పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండా వేసే రోటా చుక్కలు రెండో డోసు పడాలి. పద్నాలుగు వారాలకు మళ్ళీ ఇవే మూడోసారి, వాటితో పాటు పోలియో సూది, న్యుమోనియాకు పీసీవీ. తొమ్మిది నెలలు నిండగానే తట్టుకూ రుబెల్లాకూ కలిపి వేసే ఎంఆర్ టీకా, పీసీవీ బూస్టర్, పోలియో సూది మూడో డోసు, విటమిన్-ఎ మొదటి మోతాదు. పదహారు నెలల నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఎంఆర్ రెండోది, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసే డీపీటీ బూస్టర్, పోలియో బూస్టర్. విటమిన్-ఎ ఆపైన ఐదేళ్ళు వచ్చేదాకా ఆరు నెలలకోసారి తాగించాలి. ఐదేళ్ళు దాటాక డీపీటీ ఇంకో బూస్టర్. ఇవన్నీ ఉచితం. మన రాష్ట్రంలో మామూలుగా బుధవారం, శనివారం టీకాల రోజులు. మీ ఊళ్ళో ఏ రోజు, అంగన్‌వాడీలోనా, విలేజ్ క్లినిక్‌లోనా అనేది ఆశా కార్యకర్తను అడిగితే చెప్తుంది.

ఒకప్పుడు ప్రైవేటుకు పోవడానికి ఒక కారణమైనా ఉండేది. రోటా, పీసీవీ అప్పట్లో సర్కారులో లేవు, డబ్బున్నవాళ్ళ పిల్లలకే అందేవి. 2016లో దేశంలో మొదటగా రోటా చుక్కలు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. పీసీవీ 2021లో దేశమంతా వచ్చింది. బయట వేలు పోసి వేయించుకునే ఆ పీసీవీ ఇప్పుడు మీ ఊరి అంగన్‌వాడీ బల్ల మీదికి ఐస్‌ప్యాకుల పెట్టెలో నడిచి వస్తోంది. నా సర్వీసులో నేను చూసిన మంచి మార్పుల్లో ఇదొకటి.

ప్రైవేటు నుంచి సర్కారు టీకాలకు మధ్యలో మారొచ్చా అని అడిగావు. నిక్షేపంగా మారొచ్చు. క్లినిక్‌లో వేసినవి లెక్కలోకే వస్తాయి, మొదటి నుంచి మొదలుపెట్టే పని లేదు. కాకపోతే అక్కడ ఏ టీకా ఏ తారీఖున వేశారో రాసిన కార్డు, వీలైతే టీకా పేరున్న స్టిక్కర్ తప్పనిసరిగా పట్టుకుపో. రోటా చుక్కల కంపెనీ మారితే మొత్తం మూడు డోసులు పూర్తి చేయించుకో. గర్భిణిగా ఉన్నప్పుడు ఇచ్చిన తల్లీబిడ్డ కార్డులో ఈ వివరాలన్నీ ఏఎన్‌ఎం చేత ఎక్కించు. సర్కారు వాళ్ళ ఆన్‌లైన్ టీకాల లెక్క యూ-విన్‌లో నమోదు చేయమని కూడా అడుగు. రేపు కూలికో, కాపురానికో వేరే ఊరు పోయినా లెక్క పోదు.

ఇక మీ అత్తమ్మ మాట. జ్వరం వస్తుందన్నది నిజం. ఆమెను తప్పు పట్టొద్దు. పెంటావాలెంట్‌లో కోరింత దగ్గుకు వాడేది హోల్ సెల్ రకం, అంటే ఆ క్రిమిని మొత్తంగా చంపి తయారుచేసింది. ప్రైవేటులో 'నొప్పి లేని సూది' అని అమ్మే రకంలో ఆ క్రిమి నుంచి తీసిన కొన్ని ముక్కలే ఉంటాయి. అందుకని దానికి జ్వరం, వాపు తక్కువ. అయితే మొదటి మూడు డోసులకు హోల్ సెల్ రకమే మేలని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెబుతుంది, దాని రక్షణ గట్టిది. ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడటం, సూది వేసిన చోట గట్టిపడటం మామూలే. దాని మీద పసుపు, సున్నం పూయడం, వేడి కాపడం పెట్టడం, రుద్దడం చేయొద్దు. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే, పాప ఆగకుండా ఏడుస్తూ ఉంటే, ఫిట్స్ వస్తే డాక్టర్‌కు చూపించు.

మందు నాసిరకమా అనేదానికి, ఈసారి అత్తమ్మను కూడా తీసుకుపోయి ఆమె కళ్ళతోనే చూపించు. టీకా సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు, దాని మధ్యలో చదరం ఉంటాయి. లోపలి చదరం చుట్టూ ఉన్న వలయం కంటే లేతగా ఉంటే మందు చల్లదనం చెడకుండా వచ్చినట్టు. చదరం కూడా వలయం రంగులోకి మారితే ఆ సీసా పారేయాల్సిందే. సీసా చూపించమని అడిగితే ఏ ఏఎన్‌ఎమ్మూ కాదనదు, అడిగేవాళ్ళుంటే మాకే సంతోషం. సిరంజి కూడా ఒక్కసారి నొక్కితే లాక్ పడిపోతుంది, ఇంకొకరికి వాడాలన్నా కుదరదు. సూది అయ్యాక అరగంట అక్కడే కూర్చో. చీకటి పడుతుందని, పనుందని లేచి రావద్దు.

జ్వరం మందు దగ్గర కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే ఇళ్ళల్లో జరిగే పొరపాట్లలో పెద్దది ఇక్కడే. పారాసిటమాల్ పిల్లలకు మూడు రకాల సీసాల్లో దొరుకుతుంది. ఒకటి సిరప్, ఐదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. రెండోది కూడా సిరప్పే కానీ ఐదు మిల్లీలీటర్లలో 250. మూడోది డ్రాప్స్, ఒక్క మిల్లీలీటర్‌లోనే 100. మూడూ తియ్యగానే ఉంటాయి, రంగూ దాదాపు ఒకటే. బిడ్డ బరువు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున లెక్క. మీ పాప ఐదు కిలోలు ఉందనుకుంటే 75 మిల్లీగ్రాములు కావాలి. 125 సిరప్ అయితే 3 మిల్లీలీటర్లు, 250 సిరప్ అయితే ఒకటిన్నర, డ్రాప్స్ అయితే ముప్పావు. 'పోయినసారి మూడు పోశాం కదా' అని ఇంట్లో ఉన్న డ్రాప్స్ సీసాలోంచి మూడు మిల్లీలీటర్లు పోస్తే, నాలుగింతలు పోసినట్టు. కాలేయం దెబ్బతింటుంది. సీసా మారినప్పుడల్లా దాని మీద అంకె చదువు. బరువు చూసి ఎంత పోయాలో ఏఎన్‌ఎం చేత కార్డు మీద రాయించుకో. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించి వద్దు. టీకా వేయకుండానే, మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం వస్తే మాత్రం ఇంట్లో మందు పోస్తూ కూర్చోవద్దు, ఆ పూటే డాక్టర్‌కు చూపించాలి.

టీకాల తర్వాత ఊళ్ళో నువ్వు వాడుకోవాల్సింది బరువు. చాలామంది అంగన్‌వాడీ అంటే బాలామృతం ప్యాకెట్, గుడ్లు, పాలు అనే అనుకుంటారు. నన్నడిగితే అక్కడ బిడ్డకు ఉపయోగపడే మొదటి వస్తువు తూకం. నెలనెలా తూచి కార్డులోని గీతల మీద చుక్క పెట్టించు. ఐదో నెలకు పుట్టినప్పటి బరువుకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావాలి. చుక్కలు పైకి పోతుంటే జలుబూ దగ్గూ చూసి కంగారు పడక్కర్లేదు. వరుసగా రెండు నెలలు చుక్క పైకి లేవకపోతే, బిడ్డ నవ్వుతూ ఆడుతున్నా సరే, కారణం వెతకాలి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూడటం కూడా పథకంలో భాగమే. ఆస్పత్రి కాన్పు అయితే మూడో రోజు నుంచి నలభై రెండో రోజు లోపు ఆరుసార్లు, ఆ తర్వాత మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూడు నెలలకోసారి రావాలి. రాకపోతే నువ్వే కబురు పెట్టు. మొహమాటపడొద్దు, అది ఆమె ఉద్యోగం.

ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు. నీళ్ళు కూడా వద్దు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ మనది, పసిదానికి నోరెండిపోదా అని పెద్దవాళ్ళు అంటారు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్ళే. ఎండ ఎక్కువైతే ఎక్కువసార్లు పాలివ్వు, నువ్వు నీళ్ళు బాగా తాగు. డబ్బాపాలు మొదలుపెట్టించే వాళ్ళు టౌన్‌లో దొరుకుతారు, ఆ డబ్బా నెలకు ఎన్నిసార్లు కొనాలో లెక్క వేసుకో. పైగా మన మెట్ట వైపు, ఉదయగిరి దగ్గర్నుంచి కనిగిరి దాకా చాలా ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. కాచినా అది పోదు. ఆ నీళ్ళతో కలిపిన పాలు పసిబిడ్డకు ఏ విధంగానూ మంచిది కాదు. ఆరు నెలలు నిండాక మెత్తగా మెదిపిన పప్పన్నం, నెయ్యి, గుడ్డు, ముల్లు తీసిన చేప అన్నీ మొదలుపెట్టొచ్చు. బాలామృతం ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ ఇస్తారు. దాన్ని ఇంట్లో పెద్ద పిల్లలకు పెట్టకుండా పాపకే ఉంచు. అదే వయసులో వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటర్ ఐరన్ సిరప్ కూడా ఉచితంగా వస్తుంది, అడిగి తీసుకో.

జలుబు, దగ్గు గురించి. నువ్వు క్లినిక్‌కు పోయిన ప్రతిసారీ రెండు మూడు సిరప్‌లు రాశారన్నావు. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదని, ఐదేళ్ళ లోపు కూడా మామూలుగా అక్కర్లేదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబర్‌లో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి కిడ్నీలు పాడై పిల్లలు చనిపోయింది అప్పుడే. మీ ఇంట్లో మిగిలిన సీసాలుంటే తీసి పారేయి. ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు చాలు. పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వు. ఏడాది లోపు తేనె నాకించొద్దు.

మామూలు జలుబా, న్యుమోనియానా అని తేల్చడానికి నీ ఫోన్ చాలు. పాప నిద్రలోనో, ఏడవకుండా ఒళ్ళో పడుకునో ఉన్నప్పుడు చొక్కా పైకి ఎత్తి, ఫోన్‌లో సరిగ్గా ఒక నిమిషం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు పైకి లేచిందో లెక్కపెట్టు. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50, ఏడాది దాటి ఐదేళ్ళ లోపు 40. ఆ అంకె చేరినా, దాటినా ఆ రోజే పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయకూడదు, పసిపిల్లల ఊపిరి ఆగి ఆగి సాగుతుంది. పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతూ డొక్కలెగరేస్తుంటే పీహెచ్‌సీ కూడా కాదు, 108కి ఫోన్ చెయ్యి. దీనికి పొట్ట మీద వాతలు పెట్టించే అలవాటు మన వైపు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ వాతలతో న్యుమోనియా తగ్గదు. పైగా అక్కడ చీము పట్టి, ఆస్పత్రికి వచ్చేసరికి ఒకటికి రెండు జబ్బులు. మీ ఇంట్లో ఆ మాట ఎవరైనా ఎత్తితే గట్టిగా అడ్డం పడు.

విరేచనాలకు పీహెచ్‌సీలో, ఆశా దగ్గర ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు ఉచితం. ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. కొంచెం కొంచెం గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువైపోయి ప్రమాదం. ఇంట్లో లీటరు కొలత లేకపోతే లీటరు వాటర్ బాటిల్‌తో కొలువు. ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. జింక్ ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజూ 20 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు సగం, విరేచనాలు తగ్గినా సరే పద్నాలుగు రోజులూ ఇవ్వాలి. చెంచాలో తల్లిపాలు పిండి మాత్ర వేస్తే కరిగిపోతుంది. పాలు మాత్రం ఆపొద్దు.

ఓఆర్‌ఎస్ తాగిస్తే కక్కేస్తోందని మధ్యలో మానేసి సెలైన్ పెట్టించడానికి పరిగెత్తేవాళ్ళు చాలామంది. సీతారామపురం వైపు ఒక పల్లెలో ఒక అవ్వ ఎలా చేసిందో చెప్తాను. మనవడికి ఏడాది, వాంతులు, విరేచనాలు, కళ్ళు గుంటలు పడ్డాయి, కానీ తెలివిలో ఉన్నాడు, ఇస్తే ఆత్రంగా తాగుతున్నాడు. ఆమె వాడిని ఒళ్ళో సగం కూర్చోబెట్టుకుని, గ్లాసు పక్కన పెట్టుకుని, చిన్న చెంచాతో ఒక గుటక, కాసేపు ఆగి మళ్ళీ ఒక గుటక. కక్కితే పది నిమిషాలు ఆగింది, తుడిచింది, మళ్ళీ మొదలు. గ్లాసు ఎత్తి నోట్లో పోయలేదు, విసుక్కోలేదు. నాలుగు గంటల్లో వాడు ఒంటికి పోసుకున్నాడు, కళ్ళు తేరుకున్నాయి. ఆ ఓపికకు సమానమైన మందు టౌన్‌లో ఎక్కడా అమ్మరు. అదే బిడ్డ మగతగా పడి ఉంటే, చెంచా కూడా మింగలేకపోతే, మలంలో నెత్తురు పడితే ఇంట్లో ఉంచకూడదు.

మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే పళ్ళరసం డబ్బాలాంటిది ఇస్తే తీసుకోవద్దు. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో అలాంటి పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆహార ప్రమాణాల సంస్థ ఆదేశించింది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని, లీటరుకు కలపాలని రాసి ఉందో లేదో చూడు.

ఇక పెద్దాస్పత్రికి పోవాల్సిన రోజు. పాలు బొత్తిగా తాగకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా సరిగా లేవకపోవడం, డొక్కలెగరేయడం, పెదాలు నీలం కావడం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా రేపటిదాకా ఆగే పని లేదు. పుట్టిన నెల లోపు బిడ్డకు ఒళ్ళు చల్లబడటం, అరిచేతులు, అరికాళ్ళ దాకా పసుపు రావడం కూడా అంతే. మొదటి ఇరవై నాలుగు గంటల్లో కనపడే కామెర్లను ఎండలో పెడితే పోతాయిలే అనుకోకూడదు. 108లో ఆక్సిజన్ ఉంటుంది, మనిషి ఉంటాడు. మీ ఆటోలో పోవడం కంటే అది మేలు. ఆత్మకూరు దగ్గర కాబట్టి ముందు అక్కడ చూపించి, వాళ్ళు రాసిస్తే నెల్లూరు దర్గామిట్టలోని సర్కారు పెద్దాస్పత్రి జీజీహెచ్‌కు పోవచ్చు. దారి పొడవునా బిడ్డను నీ ఒంటికి ఆనించి వెచ్చగా పట్టుకో.

జీజీహెచ్‌లో నెల లోపు బిడ్డల కోసం ప్రత్యేక విభాగం, ఎస్‌ఎన్‌సీయూ ఉంది. ప్రకాశం వైపు వాళ్ళకు ఒంగోలు జీజీహెచ్‌లో, అంటే మనం రిమ్స్ అనే దాంట్లో ఉంది. వార్మర్, ఫొటోథెరపీ, ఆక్సిజన్, యాంటీబయాటిక్స్ అన్నీ ఉచితం. బయట అదే వైద్యానికి రోజుకు వేలకు వేలు అవుతుంది, నగలు కుదువపెట్టిన ఇళ్ళు నాకు తెలుసు. జననీ శిశు సురక్ష పథకం 2011లో వచ్చినప్పుడు ముప్పై రోజుల లోపు బిడ్డలకే ఉండేది, 2014 నుంచి ఏడాది దాకా పెంచారు. దాని ప్రకారం సర్కారు ఆస్పత్రిలో మందులు, పరీక్షలు, రక్తం, రానూపోనూ బండి ఏదీ డబ్బుకు కాదు. నెలలు నిండకుండా 34 వారాల లోపే, లేదా రెండు కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ముప్పై రోజుల్లోపు కంటి లోపలి పొర (రెటీనా) పరీక్ష జరగాలి. ఇది మర్చిపోతే చూపు పోవచ్చు. మీ పాపకు అవసరం లేకపోవచ్చు కానీ మీ బంధువుల్లో అలాంటి బిడ్డ ఉంటే ఈ మాట చేరవెయ్యి.

పాలు తాగేటప్పుడు ఆయాసపడి నుదుటి మీద చెమటలు పట్టడం, బరువు పెరగకపోవడం ఉంటే గుండె చూపించాలి. వంకరపాదాలు, గ్రహణమొర్రి, శబ్దానికి తల తిప్పకపోవడం, కంటిపాప తెల్లగా మెరవడం కూడా 'పెద్దయ్యాక చూద్దాం' అనుకునేవి కావు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య పథకం కింద అంగన్‌వాడీలో పిల్లల్ని చూసే టీమ్ వీటి కోసమే. వాళ్ళు రాసిచ్చిన కాగితంతో, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుతో పెద్ద ఆపరేషన్లు కూడా జరుగుతాయి. పిల్లల గుండె ఆపరేషన్లకు తిరుపతిలో టీటీడీ వాళ్ళ శ్రీ పద్మావతి హృదయాలయం 2021 నుంచి పనిచేస్తోంది. మన జిల్లా నుంచి అంత దూరం ఏమీ కాదు. వంకరపాదాలకైతే పుట్టిన మొదటి వారాల్లో కట్లు మొదలుపెడితే చాలామందికి పెద్ద ఆపరేషనే అవసరం పడదు.

గవర్నమెంటు ఆస్పత్రిలో ఇబ్బందులు లేవని నేను చెప్పను. ఓపీ దగ్గర క్యూ ఉంటుంది, పొద్దున్నే పోకపోతే మధ్యాహ్నమైపోతుంది. పీహెచ్‌సీ డాక్టర్ ఒక్కోరోజు మీటింగ్‌కు పోయి ఉంటారు. అందుకే బయల్దేరే ముందు ఏఎన్‌ఎంకు ఫోన్ చేసి కనుక్కో. ఆధార్, కార్డు, పాత చీటీలు ఒక కవర్‌లో, ఇంకో సంచిలో రెండు జతల బట్టలు, గ్లాసు, చెంచా సిద్ధంగా ఉంచు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు 'బాగా లేదు' అని ఊరుకోకుండా ఎన్ని రోజుల నుంచి, ఎన్నిసార్లు, పాలు ఎంత తాగింది, ఒంటికి ఎన్నిసార్లు పోసింది వరుసగా చెప్పు. ఉన్న కొద్ది నిమిషాల్లో ఆ మాటలే నీ బిడ్డకు పనికొస్తాయి.

ప్రైవేటుకు ఎప్పుడు పోవచ్చు? అర్ధరాత్రి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ పిల్లల డాక్టర్ దగ్గరుంటే ఆ గడపే. అందులో రెండో ఆలోచన వద్దు, నిలకడయ్యాక మార్చుకోవచ్చు. డబ్బు మిగిలితే సర్కారు జాబితాలో లేని టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఆరు నెలలు దాటాక ఒకటి వేయించు, మన నీళ్ళకు అది పనికొచ్చేదే. మిగతా అదనపు టీకాలు స్తోమతను బట్టి. ఊళ్ళో డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ దగ్గర మాత్రం పసిబిడ్డకు సూదులు, సెలైన్లు పెట్టించొద్దు. ఆయన రాత్రిపూట తలుపు తీస్తాడన్న మాట నిజమే కానీ, నెలల బిడ్డకు ఏ మందు ఎంత ఇవ్వాలో చదివిన మనిషి కాదు.

ఒక మాట మిగిలింది. ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టిందనో, మగపిల్లాడనో, వీల్‌చైర్ తోశామనో చేయి చాపేవాళ్ళు అక్కడక్కడా ఉంటారు. ఇవ్వాల్సిన అవసరం లేదు. పేరు, టైము రాసుకుని సూపరింటెండెంట్ ఆఫీసులో చెప్పు. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. అలా ఇచ్చినవాళ్ళ డబ్బు తిరిగి రావడం నేను చూశాను. పాపకు పది వారాలు ఏ తారీఖుకు నిండుతాయో లెక్క చూసుకుని, ఆ తర్వాత వచ్చే మొదటి బుధవారమో శనివారమో కార్డు తీసుకుని, అత్తమ్మను వెంటబెట్టుకుని పో. ఆ రోజు పాప బరువు ఎంత వచ్చిందో, కార్డులో ఏమేం రాశారో ఇక్కడ రాయి, పద్నాలుగు వారాలకు ఏమేం పడాలో అప్పుడు సరిచూసి చెప్తాను.